రెండో బ్రేకు

మా పెదనాన్న కారుకి రెండు బ్రేకులు ఉండేవి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చునే ఆయన కాలి కింద. డ్రైవింగ్ స్కూలు కార్లన్నీ అలాగే ఉంటాయి. ఊళ్ళో ఆయన్ని బ్రేకు మాస్టారనేవాళ్ళు. అదేమీ చాటుగా అనుకునే పేరు కాదు. ఫోనెత్తి ఆయనే "బ్రేకు మాస్టార్నండీ, చెప్పండి" అనేవారు.

స్కూలంటే ఒక్క గది. గోడ నిండా ఆయన చేత్తో వేసిన రోడ్డు గుర్తులు, ఒక బెంచీ, ఒక పెద్ద బల్ల. బల్ల మీద తెల్లరంగుతో రోడ్లూ కూడళ్ళూ గీసి ఉండేవి. అగ్గిపెట్టెలు కార్లు, సీసా మూత నాలుగురోడ్ల మధ్య గుండ్రటి దిమ్మ. కొత్తగా చేరినవాళ్ళు వారం పాటు ఆ అగ్గిపెట్టెల్ని నెట్టుకుంటూ తిరగాల్సిందే. బల్ల మీద గుద్దేసినవాణ్ణి రోడ్డు మీదికి తీసుకెళ్ళేవారు కాదు.

కారెక్కాక ఆయన పెట్టే మొదటి షరతు, పాట పాడమని. భయపడేవాడు ఊపిరి బిగబడతాడనీ, ఊపిరి బిగబట్టినవాడి కాలు కర్రలా అయిపోతుందనీ, పాడేవాడు ఊపిరి పీల్చుకోక తప్పదనీ ఆయన సిద్ధాంతం. సిగ్గుపడేవాళ్ళ కోసం ముందు తనే చర్చి పాటొకటి ఎత్తుకునేవారు. తర్వాత ఎవరికి వచ్చింది వాళ్ళు పాడాలి. ఒక పోలీసు అధికారికి జోలపాట తప్ప ఇంకేమీ రాదట. ఆయన మీసాలు సవరించుకుంటూ జోలపాట పాడుతూనే రివర్సు నేర్చుకున్నాడు.

బండి కదిలే ముందు ప్రార్థన కూడా చేసేవారు, కళ్ళు తెరిచే. డ్రైవర్లకి దేవుడు ఆ వెసులుబాటు ఇచ్చాడనేవారు.

ఆయన పనితనమంతా కాలిలో ఉండేది. మొదట్లో కాలు రెండో బ్రేకు మీద ఆనే ఉండేది. కొన్నాళ్ళకి పక్కన నేల మీదికి దిగేది. ఒక రోజు రెండు కాళ్ళూ మడిచి సీటు కిందికి లాగేసుకునేవారు. ఆ రోజేదో ముందుగా ఎవరికీ చెప్పేవారు కాదు. తిరిగొచ్చి బండి ఆపాక "ఇవాళంతా మీరే నడిపారు, నేను ఊరికే కూర్చున్నా" అనేవారు. అప్పుడు వాళ్ళ మొహం చూడటానికే ఈ పనిలో ఉన్నాననేవారు.

అలాంటి మనిషికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గుండె కండరం సాగిపోయిందని చెప్పాడు. మందులు వాడితే ఏడాది గడవచ్చు, ఎక్కువే గడవచ్చు, గడవకపోవచ్చు. ఉన్నట్టుండి స్పృహ తప్పే అవకాశం ఉంది కాబట్టి స్టీరింగు మాత్రం ముట్టుకోకూడదు.

పెదనాన్న ఇంటికొచ్చి ఈ కబురు బస్సు వేళలు చెప్పినట్టు చెప్పారట. పెద్దమ్మ అప్పుడు మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఆవిడ టైలరు. ముందు గదే ఆవిడ దుకాణం. కుడుతున్న కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, "భోంచేస్తారా?" అనడిగింది. ఆ తర్వాత స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు బయటికి రాలేదని పెదనాన్నే మా నాన్నకి చెప్పారు.

ఆయన మాత్రం జబ్బు మనిషిలా లేరు. స్కూలు మూసేసి, ఇన్నేళ్ళూ ఎడమొహం పెడమొహంగా ఉన్న అవతలి వీధి డ్రైవింగ్ స్కూలాయన దగ్గరికి స్వయంగా వెళ్ళి, మిగిలిన శిష్యుల్ని అప్పజెప్పి, వాళ్ళింట్లో టీ తాగి వచ్చారు. నారింజ రంగు చొక్కా ఒకటి కొనుక్కున్నారు. అంత గాఢమైన రంగు ఆయన ఒంటి మీద అంతవరకూ చూళ్ళేదు. కొత్త బూట్లు కొంటూ, దుకాణంవాడు రెండేళ్ళ గ్యారంటీ అంటే, "బూట్లకి సరే, లోపలి కాళ్ళకి కూడా ఇస్తావా?" అనడిగి వాణ్ణి ఇరుకున పెట్టారు. అట్టు వేయడం నేర్చుకుని మా అందరికీ మాడిన అట్లు తినిపించారు. "మా అన్నయ్య రోగంతో ఉన్నట్టు లేడు, బడికి సెలవులొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు" అన్నారు నాన్న.

ఒక ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. డాక్టరు తేదీ చెప్పలేదనీ, తేదీ తెలిసినవాడు తనకి తెలుసనీ, ఆయన చేతిలో ఉన్నందువల్ల తనకి భయమన్నది లేదనీ అన్నారు. ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఉంటాను, పిలిచినప్పుడు వెళ్తాను, అంతే అని కూర్చున్నారు. చుట్టూ ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. పెద్దమ్మ ఒత్తుకోలేదు. బయటికొచ్చాక నాతో, ఆయనకి వినపడేలాగే అంది:

"పిలవగానే వెళ్తారట. భోజనానికి పిలిస్తే ఏనాడైనా ఒక్క పిలుపుకి వచ్చారా?"

ఆ వారంలోనే పెదనాన్న ఆవిడకి కారు నేర్పుతానన్నారు.

పెద్దమ్మ వద్దంది. యూనిఫారాలు కుట్టాలంది. కళ్ళు సరిగా ఆనవంది. సూదిలో దారం ఎక్కించే కళ్ళకి లారీ కనపడదా అన్నారాయన. ఈ వయసులోనా అంది. నీకంటే పెద్దవాళ్ళకి నేర్పానన్నారు. రెండు రోజులు ఇలా నడిచాక, కత్తెర కింద పెట్టి అసలు మాట చెప్పేసింది.

"నాకు బండి నడపడం వచ్చిందనుకోండి, ఇక్కడ పనైపోయిందనుకుంటారు మీరు. నాకు రాకపోతేనే నయం."

పెదనాన్న చెప్పులేసుకున్నారు. బ్రెడ్డు తెస్తానని బయటికెళ్ళి బ్రెడ్డు లేకుండా తిరిగొచ్చారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన పోయాక ఆవిడ ఆ ముందు గదిలో మిషను ముందు కూర్చుండిపోతుందన్నదే ఆయన బెంగని మాకందరికీ తెలుసు. కానీ మర్నాడు ఆ సంగతి ఎత్తలేదు.

"టైలరమ్మా, పోయాక సంగతి కాదు, ఉండగా సంగతి చెప్తున్నా విను" అన్నారు. ఆవిణ్ణి ఆయనెప్పుడూ అలాగే పిలిచేవారు. "బతుకంతా కారులోనే గడిపాను. ఒక్కనాడు కిటికీలోంచి బయటికి చూళ్ళేదు. ముందు రోడ్డూ, పక్కవాళ్ళ పాదాలూ, ఇవే చూశాను. ఎవరైనా నన్ను షికారు తిప్పితే బావుణ్ణనుంది. పరాయివాళ్ళు నడిపితే నా కాలు ఊరుకోదు."

"నేను నడిపితే ఊరుకుంటుందా?"

"నువ్వయితే ఊరుకుంటుంది."

పెద్దమ్మ గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

డాక్టరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి, జనం లేని రోడ్డయితేనే అనీ, బండి నడపడం వచ్చిన మూడో మనిషి లోపల ఉండాలనీ అన్నాడు. మూడో మనిషిని నేను. నాకు నేర్పింది కూడా పెదనాన్నే. వెనక సీట్లో సరిగ్గా మధ్యన కూర్చోమన్నారు, హ్యాండ్ బ్రేకు చేతికి అందేలా.

గోడౌన్ల వెనక రోడ్డు మీద ఉదయం పూట పాఠాలు మొదలయ్యాయి. పెద్దమ్మ మిషను ముందు కూర్చున్నట్టే నడుం నిటారుగా పెట్టి కూర్చునేది. పాడమంటే సిగ్గుపడలేదు. చర్చిలో పై గొంతుల కింద వినపడీ వినపడకుండా ఉండే గొంతు ఆవిడది. కారులో వింటే ఎంత బావుందో. స్టీరింగు తొందరగానే పట్టుబడింది. గేర్లు మొదట్లో కరకరలాడాయి, తర్వాత సర్దుకున్నాయి. ఆపడం మాత్రం మొదటి రోజు నుంచీ అద్భుతం. కూడలి వచ్చిందంటే బండి పట్టుబట్ట జారినట్టు జారి గీత దగ్గర నిలబడేది.

"చూశావా తల్లీ, కుదుపన్నది ఉందా? మిషను తొక్కిన కాలు మరి" అని మురిసిపోయేవారు పెదనాన్న. ఫోను చేసిన ప్రతివాళ్ళకీ అదే చెప్పేవారు. వెనక నుంచి నాకు వాళ్ళ తలలు కనపడేవి కానీ కాళ్ళు కనపడేవి కాదు.

లైసెన్సు పరీక్ష పెట్టే అధికారి కూడా ఒకప్పుడు ఆయన శిష్యుడే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదని పక్కింటావిడ అంటే పెదనాన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడు ఆ అధికారికి ఫోను చేసి, మా ఆవిడని తక్కినవాళ్ళ కంటే గట్టిగా పరీక్షించకపోతే నీ లైసెన్సు నేను చింపేస్తానన్నారు.

పరీక్షకి లైసెన్సు ఆఫీసు కారే వాడాలి. దానికి ఒకటే బ్రేకు. పెదనాన్న నారింజ రంగు చొక్కా తొడుక్కుని నాతో పాటు మైదానం పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పెద్దమ్మ మలుపులన్నీ తీరుగా తిప్పింది. కిటికీలోంచి పాట వినపడుతోంది. ఆగాల్సిన గీత దగ్గర రంగులేసిన ఖాళీ డ్రమ్ము ఒకటి నిలబెట్టి ఉంది. బండి దాని వైపు వచ్చింది. ఇదిగో ఆగుతుంది అనుకున్నాం. ఆగలేదు. డ్రమ్ము దొర్లుకుంటూ గోడదాకా పోయింది. పాట ఆగిపోయింది. అధికారి హ్యాండ్ బ్రేకు లాగాడు.

ఆయన దిగి పెదనాన్న దగ్గరికి వచ్చాడు.

"బ్రేకు వేయలేదేమమ్మా అనడిగానండీ. వేశానన్నారు. కాలు ఆనిస్తే చాలు, మా బండి ఆగిపోతుంది, మీ బండే పాడైపోయిందన్నారు." తర్వాత గొంతు తగ్గించాడు. "మాస్టారూ, మీ కాలు ఎక్కడుందండీ ఇన్నాళ్ళూ?"

పెదనాన్న తన కొత్త బూట్ల వంక చూసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ స్టీరింగు ముట్టుకోలేదు. నేనే నడిపాను. ఇంటికొచ్చాక పెద్దమ్మ టీ పెట్టి ముగ్గురికీ పోసి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తప్పినందుకు కోపంగా లేదు. ఏదో లెక్క తేల్చుకునేదానిలా ఉంది.

"పోలీసాయన దగ్గర కాలు తీశారు కదా?"

"తీశాను."

"ఈ పిల్ల దగ్గర?"

"తీశాను."

"మరి నా దగ్గరో?"

"తీద్దామనే రోజూ అనుకున్నాను" అన్నారు పెదనాన్న. "ఎదురుగా ఏదైనా కనపడేసరికి కాలు నా మాట వినలేదు. నువ్వు ఆనించీ ఆనించకముందే నొక్కేశాను. నీకు తెలీదులే అనుకున్నాను. కొన్నాళ్ళకి నాకే తెలియడం మానేసింది."

పెద్దమ్మ టీ చల్లారిపోతోంది.

"దేవుడు చూసుకుంటాడని అందరి ముందూ లేచి చెప్పారు" అంది. "ఎవర్ని చూసుకుంటాడన్నారు? మిమ్మల్ని ఒక్కరినేనా?"

ఆయన తలొంచుకున్నారు. ఆ వారమంతా కారు ఇంటి ముందు కదలకుండా ఉంది. పెదనాన్న అట్లు వేయలేదు. ఎవరైనా పలకరిస్తే నవ్వేవారు కానీ ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయేది. మళ్ళీ నేర్పుతానని ఆయన అడగలేదు, నేర్చుకుంటానని ఆవిడ అనలేదు. ఇంతటితో కారు అమ్మేస్తారేమోనని నాన్న భయపడ్డారు. నాకు మాత్రం, కారు పోతే పోయింది, మళ్ళీ ఆయన మామూలుగా నవ్వితే చాలనిపించింది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అనగానే పెదనాన్న లేచారు. మళ్ళీ ఏదో మంచి మాట చెప్తారని అందరూ సర్దుకు కూర్చున్నారు.

"ఆమధ్య ఇక్కడే నిలబడి నాకు భయం లేదన్నాను. అందులో సగం అబద్ధం. దిద్దుకుందామని లేచాను" అన్నారు. "నన్ను ప్రభువు చేతిలో పెట్టడం తేలికైంది. నాది ఇంకెంత మిగిలిందని? మా ఆవిణ్ణి మాత్రం ఆయన చేతిలో పెట్టి, నా కాలు బ్రేకు మీదే ఉంచుకున్నాను. ఆయన నా పక్క సీట్లో నేర్చుకునేవాడైనట్టు. నా కాలు కోసం ప్రార్థన చేయండి."

పాస్టరుగారు కూడా పెదనాన్న దగ్గర నేర్చుకున్నవారే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కళ్ళు మూసుకుని చేయమంటారా మాస్టారూ, తెరిచా?" అన్నారు. మొదట వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వి కూర్చున్నారు. పెద్దమ్మ మొహం అవతలికి తిప్పుకుని, అటే చూస్తూ, చేత్తో ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

మర్నాడు మెకానిక్కుని పిలిపించి రెండో బ్రేకు తీసేయమన్నారు. తీసేస్తే ఇది ఇంక మామూలు కారైపోతుంది మాస్టారూ అని వాడు గొణిగాడు. అదే కావాలన్నారు. ఆ సామాను ఇంకెవరైనా స్కూలువాళ్ళకి బిగించమని వాడికే ఇచ్చేశారు.

మళ్ళీ గోడౌన్ల వెనక్కి వెళ్ళాం. ఈసారి పెద్దమ్మ బ్రేకు వేస్తే మేమిద్దరం ముందుకి తూలిపడ్డాం. ఆ తర్వాత మరీ నెమ్మదిగా వేసి గీత దాటించింది. బ్రేకు లేకపోయినా పెదనాన్న కాలు ఊరుకోలేదు. కూడలి కనపడితే చాలు, ధన్ ధన్ మని నేలని తొక్కేది. పెద్దమ్మ బండి పక్కకి ఆపి, "మాస్టారూ, లేచి వెనక్కి వెళ్ళండి" అంది. కోపమొస్తేనే ఆవిడ మాస్టారూ అనేది.

ఆయన బుద్ధిగా దిగి వెనక్కి వచ్చారు, నేను ముందుకి మారాను. వెనక నుంచి పైకే ప్రార్థన మొదలుపెట్టారు.

"లోపల చేసుకోండి. ఆయనకి వినపడుతుంది" అంది పెద్దమ్మ, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒక రోజు మలుపులో గేటు స్తంభానికి కారు రాసుకుని పొడుగునా గీత పడింది. ఏమైనా అంటారేమోనని వెనక్కి చూశాను. ముందు సీటు వీపు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. పెద్దమ్మ దిగి గీత చూసి, ఇది విప్పి మళ్ళీ కుట్టుకునే గుడ్డ కాదు కదా అనుకుని, మళ్ళీ ఎక్కింది. అదే మలుపు ఇంకో రెండుసార్లు తిప్పింది. బ్రేకు మీద ఎంత బరువు పెట్టాలో ఆవిడ కాలికి క్రమంగా తెలిసింది. పట్టుబట్ట జారినట్టేమీ ఆగేది కాదు. కొంచెం కుదుపు ఉండేది. కానీ ఆపింది ఆవిడే.

రెండోసారి పరీక్షలో డ్రమ్ము కదల్లేదు. అధికారి కాగితం మీద సంతకం పెట్టి, పెదనాన్న కాళ్ళ వంక చూసి నవ్వాడు.

డాక్టరు అనుకున్నదానికంటే ఎక్కువే బతికారాయన. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు దాటి, చలి మొదలయ్యాక ఒక ఉదయం, మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పోయారు. అప్పటిదాకా వీలు దొరికిన ప్రతి సాయంత్రం ఇద్దరూ కారులో బయల్దేరేవాళ్ళు. పెద్దమ్మ ఇప్పటికీ నడుపుతుంది. ఆదివారాలు వీధిలో నడవలేని ముసలివాళ్ళని ఎక్కించుకుని చర్చికి వెళ్తుంది. ఎక్కినవాళ్ళు పాడాల్సిందే.

లైసెన్సు వచ్చాక మొదటిసారి షికారుకి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. నదిదాకా వెళ్ళొద్దామనుకున్నాం. పెద్దమ్మ నడుపుతోంది, నేను పక్కన, పెదనాన్న వెనక కిటికీ దగ్గర. అద్దం పూర్తిగా దించేసి తల దాదాపు బయటే పెట్టారు. ఎన్నో ఏళ్ళు తిరిగిన రోడ్డే. కొత్త ఊరికొచ్చినవాడిలా ఒక్కొక్కటీ మాకు చెప్పడం మొదలెట్టారు. ఆ మేడ మీద పావురాల గూళ్ళున్నాయి. చెప్పుల దుకాణం పైన ఎవరో పూలకుండీలు పెట్టారు. బడి వెనక ఇంత పెద్ద మైదానం ఉందా. ఆ పసుప్పచ్చ ఇల్లు ఎప్పుడు కట్టారు. ఎప్పుడో కట్టారు, అందులోవాళ్ళకి నేను పెళ్ళి గౌన్లు కూడా కుట్టానని చెప్పింది పెద్దమ్మ. దేవుడు ఇన్ని పెట్టి ఉంచితే నేను పాదాలు చూస్తూ కూర్చున్నానా అన్నారాయన.

ఊరు దాటాక మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

పెద్దమ్మ ముందు అద్దంలోకి చూసింది. ఆయన తల కిటికీకి ఆనుకుని పక్కకి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

"ఏమండీ" అంది.

జవాబు రాలేదు. వెనక్కి తిరగడానికి నాకు మెడ రాలేదు. పెద్దమ్మ బండి ఆపలేదు, వేగం తగ్గించింది. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. ఇంకోసారి, అంతే నెమ్మదిగా, "ఏమండీ" అంది.

వెనక నుంచి సన్నగా గురక వచ్చింది.

పెద్దమ్మ ఊపిరి వదలడం వినపడింది. "మా పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను" అంది. "బస్సు ఎక్కినా, ఎవరి కారు ఎక్కినా, ఈయన కునుకు తీయగా చూళ్ళేదు."

ముందు ఇటుకల లారీ ఒకటి పక్క దారిలోంచి వెనక్కి వెనక్కి రోడ్డు మీదికి వస్తోంది. పెద్దమ్మ చూసింది. బ్రేకు మీద కాలు పెట్టి నొక్కింది. చిన్న కుదుపుతో బండి ఆగింది. వెనక ఆయన తల ఇటు వాలి, మళ్ళీ కిటికీకి ఆనుకుంది. గురక ఆగలేదు. లారీ తిరిగి సర్దుకుని పోయేదాకా ఆగి, గేరు మార్చి పోనిచ్చింది.

వంతెన కనపడింది. దాని కింద నది, మీద సాయంత్రపు ఎండ. ఆయన చూడాలనుకున్నది అదే కదా అని లేపడానికి చెయ్యి వెనక్కి చాపాను.

"లేపకు" అంది పెద్దమ్మ. "వచ్చేటప్పుడు చూస్తారు."